వాసన లేని కమాంబేర్

మొన్న న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళింట్లో ఫ్రిజ్ తెరిచాను. పెరుగు డబ్బా పక్కన గుండ్రటి చిన్న పెట్టె ఒకటుంది. మూత మీద పచ్చిక, ఆవు బొమ్మ, కమాంబేర్ అన్న ఫ్రెంచి చీజ్ పేరు. "నీకోసమే తెచ్చాను నాన్నా, ఎప్పుడూ ఫ్రాన్స్ కబుర్లు చెప్తావుగా" అంది వెనకనుంచి.

నోరూరింది. మూత తీసి, కాయితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. జలుబు చేసిందేమోనని రెండోసారి చూశాను. కాస్త పాల వాసన, కాస్త ఫ్రిజ్ వాసన. బొటనవేలితో మధ్యలో నొక్కితే రబ్బరు బంతిలా మళ్ళీ పైకొచ్చేసింది.

"అమెరికావాళ్ళు ముందు చీజ్‌ని చంపుతారు మొస్యూ. తరవాత ప్లాస్టిక్‌లో చుట్టి పాతిపెడతారు" అనేది పారిస్‌లో మా ఇంటి ఓనరమ్మ. ఆవిడ అన్నదాంట్లో సగం తిట్టు, సగం నిజం. పచ్చిపాలతో చేసిన చీజ్ అమెరికాలో అమ్మాలంటే కనీసం 60 రోజులు మాగి ఉండాలని ఇక్కడి రూలు. అసలు కమాంబేర్ పచ్చిపాలతోనే చెయ్యాలి, నెలా నెలన్నరలో తినెయ్యాలి. రెండు నెలలు ఆగమంటే అది ఆగదు. అందుకని ఇక్కడికి వచ్చేది కాచిన పాలతో చేసిన దాని తమ్ముడు. పేరు అదే, బొమ్మ అదే, వాసన మాత్రం సముద్రానికి అవతలే దిగిపోయింది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ కబురు ఆవిడ మేనల్లుడు పోస్టులో పంపిన నల్ల అంచు కార్డుతో తెలిసింది. ఆ రోజు కూడా ఆవిడ ఇంత గట్టిగా గుర్తు రాలేదు. ఈ వాసన లేని చీజే అంత పనీ చేసింది.

* * *

నన్ను హైదరాబాద్ నుంచి మా కంపెనీ ఆర్నెల్లకని పంపింది. అది సాగి సాగి అయిదేళ్ళయింది. ఆఫీసు లా దెఫాన్స్‌లో, అద్దాల టవర్లో. నేనుండేది వాన్సెన్‌లో, ఆ ఓనరమ్మ, అంటే మదామ్ ఇంట్లో మేడమీద వెనక గది. వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. స్టేషన్‌లో ఆర్.ఇ.ఆర్. ఏ లైను రైలెక్కి పడమటికి వెళ్తే ఆఫీసు, తూర్పుకి వెళ్తే డిస్నీ పార్కు. శనివారాలు ప్లాట్‌ఫారం నిండా మిక్కీ చెవులు పెట్టుకున్న పిల్లలే. 1992లో ఆ పార్కు తెరిచేటప్పుడు, ఇది సాంస్కృతిక చెర్నోబిల్ అని పారిస్‌లో పేరున్న నాటకరంగ దర్శకురాలు ఒకావిడ మండిపడింది. మదామ్‌కి అంత పెద్ద మాటలు అక్కర్లేదు. మొదట్లో ఆ పార్కు లోపల వైన్ అమ్మేవాళ్ళు కాదు, 1993లో దారికొచ్చి అమ్మడం మొదలుపెట్టారు. "మధ్యాహ్నం భోజనంలో వైన్ ఇవ్వనివాళ్ళు మన పిల్లలకి ఏం నేర్పుతారు?" అని ఆవిడ తీర్పు.

దిగిన రెండోరోజే వంటింట్లో ఏదో వాసన. తడి గోనెసంచీ, విప్పిన సాక్సులు, వానాకాలం పశువుల పాక, మూడూ కలిసిన వాసన. ఎలక చచ్చిందని ఖాయం చేసుకుని, ఆవిడ లేనప్పుడు బీరువా జరిపాను, స్టవ్ వెనక టార్చిలైటు వేశాను. ఫ్రిజ్‌ని గోడనుంచి లాగుతుండగా ఆవిడ సంచీతో లోపలికొచ్చింది. నా ఫ్రెంచి అప్పటికి అంతంతమాత్రం. ముక్కు పట్టుకుని, చేత్తో తోక ఆడించి, ఎలక అని చూపించాను. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. లేచి, కిటికీ గట్టుమీద గాజు గిన్నె బోర్లించిన పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. గిన్నె ఎత్తింది. ఎలక అదే.

"ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

"ఫ్రిజ్‌లో పెడితే నిద్రపోతుంది" అంది.

బొటనవేలితో ఎలా నొక్కాలో అప్పుడే చూపించింది. వేలు కొంచెం దిగి, ఆ గుంట మెల్లిగా పూడాలి. గట్టిగా ఉంటే ఇంకా పసిది. పూడకపోతే ముసలిది. కొట్టువాడు కూడా "మధ్యాహ్నానికా, రాత్రికా?" అని అడిగి మరీ ఏరి ఇచ్చేవాడు. మా అమ్మమ్మ మామిడిపండుని తొడిమ దగ్గర నొక్కి, వాసన చూసి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అని గడ్డిలో విడివిడిగా సర్దేది. పారిస్‌లో నాకు మొదట అర్థమైన సంగతి అదొక్కటే అనుకుంటా.

బదులుగా నేను ఆవకాయ జాడీ మూత తీశాను. ఆవిడ వంగి వాసన చూసి, నాలుగు తుమ్ములు తుమ్మి, మళ్ళీ వంగి చూసింది. "ఇది బతికే ఉంది" అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను తరవాత కూడా వినలేదు.

* * *

అమెరికావాళ్ళ నేరాల చిట్టా ఒకటి ఆవిడ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కొట్లో అడుగు పెడుతూనే బోంజూర్ అని పలకరించకుండా రేటు అడుగుతారు. రైల్లో మాట్లాడితే పక్క పెట్టెకి వినపడుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళని చూసి నవ్వుతారు. నీళ్ళలో ఐసు వేసుకుని, దాని మీద ఇంకొంచెం ఐసు వేసుకుంటారు. పరిచయమైన మూడో నిమిషంలో ఉద్యోగం ఏంటని అడుగుతారు, అయిదో నిమిషంలో తమ జీతం ఎంతో చెప్పేస్తారు.

ఈ చివరి నేరం దగ్గర నేను కిక్కురుమనేవాణ్ణి కాదు. మాది తాళ్ళరేవు. కాకినాడ బస్సులో పక్క సీటాయన మా నాన్న జీతమెంతో, పైన ఏమైనా వస్తుందో కనుక్కున్నాకే కిటికీ వైపు జరిగేవాడు.

బోంజూర్ విషయంలో మాత్రం తప్పు ఆవిడది కాదు. మొదటివారం బేకరీలో నేను వేలు చూపించి "ఒక బగెత్" అన్నాను. కౌంటర్ వెనకున్నావిడ నన్ను చూస్తూనే ఉంది, కదల్లేదు. చెవుడేమో అని గట్టిగా అన్నాను. "బోంజూర్ మొస్యూ" అంది నెమ్మదిగా, చిన్నపిల్లాడికి అ ఆ లు దిద్దించినట్టు. నేను బోంజూర్ అన్నాకే చెయ్యి రొట్టె వైపు కదిలింది. నా వెనక బేస్‌బాల్ టోపీ కుర్రాడు, అమెరికా నుంచి వచ్చినవాడు, నేరుగా "క్రువాసాన్ ఎంత?" అన్నాడు. ఆవిడ వాడికి దిద్దించను కూడా దిద్దించలేదు. తీసిచ్చి, డబ్బులు లెక్కపెట్టుకుని, వాడు వెళ్ళాక నా వైపు చూసి నిట్టూర్చింది. మీరైతే నేర్చుకుంటారు, వాళ్ళకి చెప్పినా దండగ అన్నట్టు.

ఆ నిట్టూర్పులో వాటా దొరికినందుకు నేనెంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మీరు వేరు మొస్యూ. మీకు వేల ఏళ్ళ నాగరికత ఉంది. వాళ్ళకేముంది, రెండొందల ఏళ్ళు!" ఈ మాట మదామ్ ఒక్కతే కాదు, పళ్ళ డాక్టరు అన్నాడు, ఆఫీసులో అన్నారు, పార్కులో కుక్కని తిప్పుతున్న పెద్దాయన కూడా అన్నాడు. నేను తల పంకించేవాణ్ణి. ఆ వెంటనే అదే పళ్ళ డాక్టరు "ఇంట్లో మీరు హిందూ భాష మాట్లాడతారా, ఇండియన్ భాషా?" అనేవాడు. తెలుగు అంటే పేరు విని ఉండేవాడు కాదు, వినాలనీ ఉండేది కాదు. నేను ఫ్రెంచిలో వాక్యం మొదలుపెడితే సగంలో ఆపి "ల కాదు, లా" అని దిద్దేవాళ్ళు. వాళ్ళ భాషలో బల్ల ఆడది, పుస్తకం మగది. ఏం చెప్పబోయానో మర్చిపోయేవాణ్ణి. అమెరికా చుట్టం వచ్చినప్పుడు చూపించడానికి హాల్లో పెట్టిన ఇత్తడి దీపపు సెమ్మె లాంటివాణ్ణి అక్కడ. తుడుస్తారు, మెచ్చుకుంటారు, వెలిగించరు.

నిజానికి ఆ మాటలు నాకు కొత్త కాదు. మా అమ్మమ్మగారిది ఫ్రెంచి యానాం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది. వాళ్ళ వీధిలో ఫ్రెంచి పెన్షన్ వచ్చే తాత ఒకాయన ఉండేవాడు. మిగతా వీధంతా చద్దన్నం తింటుంటే ఆయన రొట్టెముక్క కాఫీలో ముంచుకు తినేవాడు. గోదావరి వైపు ఉమ్మేసి "ఇంగ్లీషోళ్ళకి వ్యాపారం తెలుసురా, మర్యాద తెలీదు" అనేవాడు. కాకినాడ వైపు నుంచి వచ్చే మేము ఆయన లెక్కలో ఇంగ్లీషోళ్ళ కింద పెరిగినవాళ్ళం, అంచేత మాకూ తెలీదు. ఇన్నేళ్ళకి పారిస్‌లో అదే పాట విన్నాను. ఇంగ్లీషోళ్ళు ఉండాల్సినచోట అమెరికావాళ్ళున్నారు, అంతే తేడా.

మా వైపు దీనికి మాటలు తయారుగానే ఉన్నాయి. వాళ్ళ దృష్టిలో అమెరికాది నడమంత్రపు సిరి. వీళ్ళదేమో తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు. కాకపోతే వీళ్ళ మూతుల్లో నిజంగానే ఏదో వాసన వచ్చేది. చిక్కంతా అక్కడే.

ఇంకోటి చెప్పాలి. మధ్యాహ్నం అయ్యేసరికి మదామ్ తలుపులు వేసేసుకునేది. ఫోన్ మోగినా ఎత్తేది కాదు. ఫ్రెంచిలోకి డబ్ చేసిన అమెరికా సీరియల్ వచ్చే టైము అది. ఏళ్ళ తరబడి సాగే సీరియల్, అందులో ఎవరి మొగుడు ఎవరికో ఆవిడకి కంఠతా. "చూడండి, ఎంత నాసిరకమో" అని నాకూ కుర్చీ వేసేది. ఒక్క ఎపిసోడ్ మానింది లేదు.

* * *

ఆఫీసు సంగతి వేరే రకం. మా మేనేజరు ఫ్రెంచాయన, యాభై దాటినవాడు, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు. ఆ కంపెనీ ఒక అమెరికన్ కంపెనీతో కలిసిన కొత్తలో నేను అక్కడ చేరాను. టెక్సాస్ నుంచి ఒకాయన నాలుగు నెలలకని వచ్చాడు. వచ్చినరోజే మా మేనేజరు భుజమ్మీద చెయ్యేసి, ఇంటిపేరు వదిలేసి, అసలు పేరుతో పిలిచాడు. గదిలో అందరూ కాయితాల్లోకి చూశారు. ఆ మేనేజరు ఇరవయ్యేళ్ళుగా తన కింద పనిచేస్తున్న సెక్రటరీని 'వూ' అంటాడు, ఆవిడా 'వూ' అనే అంటుంది. మన మీరు లాంటిది అది. 'త్యు' అంటే నువ్వు. అది ఎప్పుడు ఎవరికి ఎలా ఇస్తారో వాళ్ళలో వాళ్ళకే టెన్షన్. మీరు, నువ్వు, గారు మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అది వారంలో పట్టుబడింది. టెక్సాస్ ఆయనకి నాలుగు నెలల్లోనూ పట్టుబడలేదు. పాపం, ఆయన చనువు ఇస్తున్నాననుకున్నాడు. వీళ్ళు చనువు లాక్కున్నాడనుకున్నారు.

రెండో గొడవ తిండి దగ్గర. పన్నెండున్నరకి మేమందరం క్యాంటీన్‌కి దిగేవాళ్ళం. ట్రేలో ముందు ఒక సలాడ్, తరవాత అసలు వంటకం, తరవాత చీజ్, తరవాత తీపి, కావాలంటే బుల్లి సీసాలో వైన్. రెండింటి దాకా ఆఫీసు గురించి ఒక్కమాట రాకూడదు. టెక్సాస్ ఆయన కీబోర్డు మీద శాండ్‌విచ్ పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో మౌస్ తిప్పేవాడు. మా మేనేజరు అద్దంలోంచి చూసి "పని కొట్టంలోనే మేత" అన్నాడు. అక్కడితో ఆగలేదు. అది చట్టవిరుద్ధం అన్నాడు. నేను జోక్ అనుకున్నాను. పనిచేసేచోట ఉద్యోగుల్ని భోజనం చెయ్యనివ్వకూడదని వాళ్ళ కార్మిక చట్టంలో నిజంగానే ఉంది.

చట్టాల మాట వచ్చింది కాబట్టి. 1994లో అక్కడ ఒక భాషా చట్టం తెచ్చారు. ప్రకటనలు, ఉద్యోగ ఒప్పందాలు, పనికి కావలసిన కాయితాలు అన్నీ ఫ్రెంచిలో ఉండాలి. తెచ్చిన మంత్రి పేరు జాక్ తూబోన్. ఆ ఇంటిపేరుని విడదీస్తే 'అంతా బాగు' అని వస్తుంది కాబట్టి జనం ఆయన్ని ఇంగ్లీషులో మిస్టర్ ఆల్‌గుడ్ అని ఏడిపించారు. అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బటన్, ప్రతి ఎర్రర్ మెసేజ్ ఫ్రెంచిలోకి మార్చే పని మాకు పడింది. ఆ చట్టం పుణ్యాన నెలల తరబడి నాకు జీతం వచ్చింది, అబద్ధమెందుకు. కంప్యూటర్ అనరు, ఆర్దినాతర్ అంటారు. ఆ మాట కూడా అమెరికా కంపెనీ అడిగితేనే పుట్టింది. 1955లో ఐబీఎం ఫ్రాన్స్ తన కొత్త యంత్రానికి పేరు పెట్టమంటే ఒక లాటిన్ ప్రొఫెసరు చెప్పిన పేరది. బైట్ అనరు, ఓక్తే అంటారు. మా రిపోర్టులో ఫైలు సైజు 40 ఎం.ఓ., అంటే మెగా ఓక్తేలు, అని ఉంటే టెక్సాస్ ఆయన "ఎం.ఓ. అంటే ఏంటి, మిస్సోరీయా?" అన్నాడు. వాళ్ళ పోస్టు అడ్రసుల్లో మిస్సోరీకి అవే అక్షరాలు. నేను పగలబడి నవ్వాను. మేనేజరు నవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం మాత్రం అదే మేనేజరు కోటు తగిలించుకుంటూ అందరికీ "బోఁ వీకెండ్!" చెప్పి వెళ్ళేవాడు. వీకెండ్‌కి ఫ్రెంచి మాట లేదా అని అడగాలని ప్రతి శుక్రవారం అనుకునేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు.

టెక్సాస్ ఆయన మరీ అమాయకుడు కాదు. వెళ్ళిపోయే ముందు రోజు డిన్నర్‌లో, మా మేనేజరు వైన్ గ్లాసు దీపానికి అడ్డంగా పట్టి ఏదో చెబుతుంటే, నెమ్మదిగా 1976 కథ ఎత్తాడు. ఆ ఏడాది పారిస్‌లోనే, ఫ్రెంచి జడ్జీలే, సీసాల మీద పేర్లు కప్పేసి రుచి చూస్తే తెల్ల వైన్‌లోనూ ఎర్ర వైన్‌లోనూ కాలిఫోర్నియావే మొదటి స్థానంలో వచ్చాయి. జడ్జీల్లో ఒకావిడ తన మార్కుల కాయితం వెనక్కిమ్మని అడిగిందట. బల్ల చుట్టూ చప్పుడు లేదు. మా మేనేజరు గ్లాసు దించి "ఆ వైన్లు వయసుకి నిలబడవు" అన్నాడు. నేను తిరిగొచ్చేశాక, ముప్ఫై ఏళ్ళు నిండాయని 2006లో అవే ఎర్ర వైన్లు మళ్ళీ రుచి చూశారు. మళ్ళీ కాలిఫోర్నియాదే గెలిచింది. ఆయనకి ఈమెయిల్ పెడదామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను.

* * *

మక్‌డొనాల్డ్స్ గొడవ ఇంకా వేడిగా ఉన్న రోజులవి. 1999 ఆగస్టులో దక్షిణాన మియో అనే ఊళ్ళో, కడుతూ ఉన్న ఒక మక్‌డొనాల్డ్స్‌ని రైతులు ట్రాక్టర్లతో వచ్చి పీకేశారు. నాయకుడు జొజే బొవే, పెద్ద మీసాల గొర్రెల రైతు. ఇక్కడా చీజే ఉంది. హార్మోన్లు ఎక్కించిన అమెరికా గొడ్డుమాంసం మాకొద్దని యూరప్ అంటే, దానికి కక్షగా అమెరికా రోక్‌ఫోర్ చీజ్ మీద నూరు శాతం సుంకం వేసింది. ఆ చీజ్‌కి పాలు పోసేది ఆ చుట్టుపక్కల గొర్రెల రైతులే. మదామ్ ఆయన ఫోటో పేపర్లోంచి కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించింది. ఆయన చిన్నప్పుడు కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో పెరిగాడని, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని నేను ఎక్కడో చదివి చెప్తే, "అందుకే వాళ్ళ సంగతి తెలుసు" అని ఫోటో అంచు ఇంకోసారి నొక్కింది.

ఆ శీతాకాలమే ఒక శనివారం వాన పడుతుంటే తల దాచుకోడానికి మక్‌డొనాల్డ్స్‌లో దూరాను. ఖాళీ కుర్చీ లేదు. మూల బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు, కాయితపు కిరీటాలు, వాళ్ళ మధ్య మా మేనేజరు. తోలు అతుకుల కోటు మీద సాస్ మరక. నన్ను చూశాడు. నోట్లో ఫ్రైస్ ఉన్నాయి కాబట్టి వెంటనే మాట్లాడలేకపోయాడు. మింగి, లేచి, మర్యాదగా చెయ్యి కలిపి "పిల్లల కోసం" అన్నాడు. ఆయన ట్రేలో రెండు బర్గర్ పెట్టెలున్నాయి, రెండూ పెద్దవాళ్ళ సైజువే. సోమవారం క్యాంటీన్‌లో ఫాస్ట్‌ఫుడ్ మాట వస్తే నా వైపు చూడకుండా 'మల్‌బూఫ్' అన్నాడు. పాడు తిండి అని ఆ మాటకర్థం. అమెరికా బయట ఆ కంపెనీకి బాగా లాభాలిచ్చే దేశాల్లో ఫ్రాన్స్ ఒకటని నాకు అప్పటికి తెలీదు. తెలిసినా ఆ రోజు ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

2004లో ఒపేరా వీధిలో మొదటి స్టార్‌బక్స్ తెరిచినప్పుడు కూడా అంతే. నడుస్తూ కాయితం గ్లాసులో కాఫీ తాగే ఫ్రెంచివాడు ఇంకా పుట్టలేదని ఆఫీసులో పందేలు వేశారు. ఆ పందేల డబ్బు ఎవరూ కట్టలేదనుకోండి.

* * *

సెప్టెంబర్ 11 మాత్రం వేరే రోజు. మధ్యాహ్నం అయింది, మేము పదకొండో అంతస్తులో ఉన్నాం. ఎవరో రేడియో పెట్టారు. టవర్లో కూర్చున్నవాళ్ళం కదా, అందరి కళ్ళూ ఒకసారి కిటికీ వైపు వెళ్ళి వచ్చాయి. మా మేనేజరు టెక్సాస్‌కి ఫోన్ చేశాడు. లైను దొరకలేదు. మళ్ళీ చేశాడు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు. దొరికాక ఆయన్ని ఇంటిపేరుతో కాకుండా, అసలు పేరుతో పిలిచాడు. 'త్యు' అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, చెవులారా విన్నాను.

లె మోంద్ పత్రిక మొదటి పేజీలో 'మనమందరం అమెరికన్లమే' అని రాసింది. మదామ్ ఆ పేపరు మడతపెట్టి వంటింటి బల్ల మీద చాలా రోజులు ఉంచింది. అమెరికావాళ్ళ చిట్టా కొన్నాళ్ళు మూతపడింది.

ఏడాదిన్నరకి మళ్ళీ తెరుచుకుంది. 2003 ఫిబ్రవరిలో, ఇరాక్ మీదికి తొందరపడి యుద్ధానికి వెళ్ళొద్దని ఐక్యరాజ్యసమితిలో విదేశాంగ మంత్రి దొమినిక్ ద్ విల్‌పాన్ మాట్లాడాడు. తనది ఒక ముసలి దేశమని, ముసలి ఖండమని గర్వంగా చెప్పాడు. మామూలుగా చప్పట్లుండని చోట చప్పట్లు మోగాయి. మదామ్ టీవీ ముందు నిలబడి తనూ కొట్టింది. ఆ తరవాతి నెల్లో వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు తీసేసి ఫ్రీడమ్ ఫ్రైస్ అని పెట్టారు. "అవి మావి కావు, బెల్జియంవాళ్ళవి. కోపం వచ్చినప్పుడు కూడా తప్పు ఇంటి తలుపే కొడతారు" అంది. ఆ యుద్ధం విషయంలో వీళ్ళు చెప్పింది అబద్ధం కాలేదు. కానీ అది చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లో ఒక తృప్తి ఉండేది చూశారూ, తగాదాలో గెలిచిన పెద్దన్నయ్య మొహం, అది టెక్సాస్ ఆయన ఈమెయిల్స్‌లో కూడా తెలిసిపోయేదనుకుంటా. రెండు లైన్లకి మించి రాయడం మానేశాడు. మా మేనేజరూ తిరిగి 'వూ'లోకి వెళ్ళిపోయాడు.

* * *

ఆ జూన్‌లోనే మదామ్ నన్ను వాళ్ళూరు తీసుకెళ్ళింది. నార్మండీలో విముత్యే. మేనల్లుడు కారు నడిపాడు. దారిపొడుగునా ఆపిల్ తోటలు, మోకాళ్ళ లోతు గడ్డిలో మచ్చల ఆవులు. ఊరి బయట రోడ్డు పక్కన జర్మన్లు వదిలేసిపోయిన టైగర్ ట్యాంకు ఒకటి, దాని మీద ఎక్కి ఫోటోలు దిగే పిల్లలు. కమాంబేర్ అంటే నిజంగా ఒక ఊరు, అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు. గట్టిగా కేకేస్తే వినపడేటంత ఊరు.

నన్ను విముత్యేలో ఒక రాతి విగ్రహం ముందు నిలబెట్టింది. ముసుగు కట్టుకున్న రైతు స్త్రీ, మారీ అరెల్. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఈ చీజ్‌ని మొదట చేసింది ఆవిడేనని వాళ్ళ నమ్మకం.

"ఈ విగ్రహం పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో తెలుసా?" అంది. తెలీదన్నాను. "అమెరికావాడికి."

ఆ కథ ఆవిడ చెప్పాలనుకుని చెప్పినట్టు లేదు. ఊళ్ళోకి వచ్చాక తప్పలేదు. 1926లో ఒక అమెరికన్ డాక్టరు ఓడెక్కి ఇంతదూరం వచ్చాడు. తన కడుపు జబ్బు కమాంబేర్ తినడం వల్ల తగ్గిందని, చేసినావిడకి దణ్ణం పెట్టుకోడానికి వచ్చానని చెప్పాడు. ఆవిడకి ఒక గుర్తు కూడా లేదా అని అడిగి, విగ్రహానికి తనే చందా మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆ ఊరికి ఆ ఊహే లేదు. 1928లో విగ్రహం లేచింది. 1944 జూన్ 14న అమెరికా విమానాలు ఊరిమీద బాంబులు వేశాయి. జర్మన్లకి దారి లేకుండా చెయ్యాలని. ఊరు నేలమట్టమైంది. విగ్రహం తల ఎగిరిపోయింది. ఆ తల లేని పాత విగ్రహం ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది, అదీ చూపించింది. యుద్ధమయ్యాక ఓహైయోలో వాన్ వెర్ట్ అనే ఊళ్ళోని చీజ్ ఫ్యాక్టరీవాళ్ళు డబ్బు పోగుచేసి ఈ కొత్తది పంపారు. 400 మంది ఆడా మగా కార్మికులు ఇచ్చారని దాని మీద రాసి ఉంది. ఆ ఫ్యాక్టరీలో అప్పట్లో చేసేవాటిలో కమాంబేర్ కూడా ఉండేది. కాచిన పాలతో.

బాంబులు పడ్డప్పుడు మదామ్‌కి ఎనిమిదేళ్ళు. నేలమాళిగలో ఆపిల్ పీపాల మధ్య కూర్చున్నారట. "బడి మళ్ళీ తెరిచాక నా పక్కన కూర్చునే అమ్మాయి రాలేదు. ఆ చోటులో ఎవర్నీ కూర్చోబెట్టలేదు" అంది. ఆ తరవాత కొన్నాళ్ళకి జీపు ఆపి ఒక అమెరికా సైనికుడు చూయింగ్ గమ్ ఇచ్చాడు. అది మింగకూడదని ఎవరూ చెప్పలేదు. నమిలి మింగేసింది. పేగులకి అంటుకుపోయి చచ్చిపోతానని వారంరోజులు ఏడ్చింది. "ఎంత బాగుందో ఆ రుచి" అంది. పాతికసార్లు కాఫీ తాగాం కలిసి, ఆ గమ్ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. ఆవిడ సంచీలోంచి రుమాలు తీసి, విగ్రహం కింద ఉన్న ఆ 400 మంది పలక మీద రెట్ట పడితే తుడిచింది. తుడిచి, రుమాలు మడిచి, "బాంబులు వేసిందీ వాళ్ళే. విగ్రహం ఇచ్చిందీ వాళ్ళే. బోంజూర్ మాత్రం చెప్పరు" అంది.

మేనల్లుడు కారు హారన్ కొట్టాడు. ఆవిడ అక్కడి కొట్లో నాలుగు కమాంబేర్‌లు కొంది, రెండు ఆ రోజుకి, రెండు ఆదివారానికి. తిరుగు ప్రయాణమంతా కారు అద్దాలు దించుకునే వచ్చాం.

* * *

న్యూజెర్సీలో ఆ పెట్టె ఫ్రిజ్‌లో పెట్టబుద్ధి కాలేదు. కిటికీ గట్టుమీద పెట్టి, సలాడ్ గిన్నె బోర్లించాను. మర్నాడు మా మనవరాలు వచ్చి గిన్నె ఎత్తి చూసింది. వేలితో నొక్కడం దానికీ నేర్పాను. "స్క్విషీ" అంది. వాసన వస్తోందా అంటే ముక్కు ఆనించి, ఆలోచించి, లేదు తాతా అంది. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, బయటెందుకు పెట్టారు మావయ్యగారూ, పాడైపోతుందేమో అన్నాడు. మూడోరోజు ఎవరో ఫ్రిజ్‌లో పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. వేడన్నంలో నెయ్యి వేసుకుని, తాళ్ళరేవు నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత తిప్పాను. వెల్లుల్లి, ఆవఘాటు, పప్పునూనె, గది నిండిపోయింది. అంతలో మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. అన్నం తిన్నావా, ఏం వేసుకున్నావ్ అని అడిగింది. చెప్పాను.

"నాన్నా, ముందు స్టవ్ మీద ఫ్యాన్ వెయ్యి. కిందటిసారి పక్క ఫ్లాట్‌వాళ్ళు కంప్లైంట్ చేశారు."

వేశాను.